వాలింగ్‌ఫర్డ్‌లో 1909 నాటి క్రాఫ్ట్స్‌మన్ ఇల్లు: గోడలు తీయించే ముందు ఏమి చూడాలి?

వాన చినుకు:
అందరికీ నమస్కారం. సియాటెల్ నగరంలోనే, వాలింగ్‌ఫర్డ్‌లో ఒక పాత ఇల్లు కొన్నాం. కౌంటీ రికార్డులో కట్టిన సంవత్సరం 1909 అని ఉంది. అమ్మకపు ప్రకటనలో "తొలినాటి క్రాఫ్ట్స్‌మన్" అని రాశారు. ఒకటిన్నర అంతస్తులు, ముందు వెడల్పాటి వరండా, బాగా బయటికి వచ్చిన చూరు, దాని కింద కనబడే వాసాల కొసలు. భోజనాల గదిలో గోడలో కలిసిపోయిన పెద్ద అలమర ఉంది. దాని తలుపులకు సీసపు పట్టీలతో బిగించిన అద్దాలు. కింది అంతస్తులో కొయ్యపనికి ఎవరూ రంగు వేయలేదు. వంటగదిని మాత్రం 1970లలో ఎవరో మార్చినట్టున్నారు. దాని గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది.

కాంట్రాక్టరు వచ్చి చూసి, మధ్య గోడలన్నీ తీసేసి, కిటికీలు వినైల్‌వి పెట్టించి, ఆ అలమర పీకేస్తే ఇల్లు విశాలమవుతుందన్నాడు. పక్కింటి పెద్దావిడ ఇది చారిత్రక గుర్తింపుకు తగిన ఇల్లు, మేకు కూడా కొట్టవద్దన్నారు. మావారు ఇద్దరికీ తలూపారు. నేను తేల్చుకోవలసింది ఒక్కటే: ఇలాంటి ఇంటికి వారసత్వ విలువ అంటూ నిజంగా ఉంటుందా? ఉంటే అది ఇంట్లో ఎక్కడ ఉంటుంది?

పాతకొయ్య:
ఈ నగరంలో పాత ఇళ్ళ మరమ్మతు పనే నా వృత్తి కాబట్టి కాస్త విపులంగా రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు ప్రకటనలోని ఆ మాటను పక్కన పెట్టండి. ఇక్కడ చూరు బయటికి వచ్చిన ప్రతి ఇంటినీ ఏజెంట్లు క్రాఫ్ట్స్‌మన్ అనే అంటారు. ఆ పేరు ఒక పత్రిక నుంచి వచ్చింది. గుస్తావ్ స్టిక్లీ అనే కుర్చీలు, బల్లలు చేసే ఆయన 1901లో న్యూయార్క్ రాష్ట్రంలో "ది క్రాఫ్ట్స్‌మన్" పత్రిక మొదలుపెట్టాడు. ఇంగ్లండులో రస్కిన్ అనే రచయిత, విలియం మోరిస్ అనే రూపకర్త చెప్పిన చేతిపని గొప్పతనం, ఆడంబరం లేని ఇల్లు, దాచకుండా చూపించే దూలం, ఇవి ఆయన పత్రిక ద్వారా అమెరికా మధ్యతరగతి ఇళ్ళలోకి వచ్చాయి. చందాదారులకు ఇంటి నక్షలు కూడా ఇచ్చేవాడు. 1915లో దివాలా తీశాడు, మరుసటి ఏడాది చివరికి పత్రిక ఆగిపోయింది. ఆయన నక్షతో కట్టిన ఇళ్ళు సియాటెల్‌లో బహు తక్కువ. ఇక్కడ ఎక్కువగా నడిచినవి నక్షల పుస్తకాలు. జడ్ యోహో అనే స్థానిక వ్యాపారి 1912 నుంచి 1918 వరకు ఇక్కడి నుంచే "బంగళా మ్యాగజీన్" నడిపాడు (ఇక్కడ బంగళా అంటే మన పెద్ద భవనం కాదు, చిన్న ఇల్లే). ఇంటి బొమ్మ, నక్ష, ఖర్చు అంచనా అందులో ఉండేవి. నచ్చినవాళ్ళు నక్షలు తెప్పించుకునేవారు.

మీ ఇల్లు నిజంగా 1909దే అయితే యోహో పత్రికకు ముందుది. ఆ శైలి ఇక్కడ ఇంకా స్థిరపడని రోజులు. అప్పటి ఇళ్ళలో తరచు ఒక తికమక కనబడుతుంది: బయట చూరు, వాసాలు కొత్త పద్ధతిలో, లోపల మెట్లు, తలుపు చట్రాలు విక్టోరియా కాలపు అలవాటులో. నాకు ఆ తికమకే ఇష్టం. 1920ల ఇళ్ళు ముచ్చటగా ఉంటాయి కానీ, అచ్చు పోసినట్టు ఒకేలా ఉంటాయి.

ఇక విలువ సంగతి. పేరులోనూ లేదు, సంవత్సరంలోనూ లేదు. ఎంత మిగిలింది అన్నదానిలో ఉంది. మీరు చెప్పిన అలమర, రంగు పడని కొయ్య, అసలు కిటికీలు, గదుల అమరిక. వరండా తెరిచి ఉందా, స్తంభాలు పాతవేనా? ఫోటోలు పెట్టండి. కాంట్రాక్టరు పట్టిక చూస్తే విలువ ఉన్నవాటినే ఏరి మరీ తీసేయమన్నట్టుంది!

లెక్కల పంతులు:
పాతకొయ్య గారి మాటల్లో ప్రేమ ఎక్కువ, అంకె తక్కువ. 1900లో సియాటెల్ జనాభా 80,671. 1910కి 2,37,194. పదేళ్ళలో దాదాపు మూడింతలు. ట్రాము పట్టాలు వేసిన ప్రతి వీధిలోనూ ఇలాంటి ఇళ్ళు బిలబిలా లేచాయి. అమ్ముకోవడానికి కట్టిన సరుకు అది. వేలకొద్దీ ఉన్నదానికి వారసత్వమనే కిరీటం ఎందుకు? 2023లో రాష్ట్రం చేసిన చట్టం ప్రకారం ఇలాంటి పెద్ద నగరాల్లో ఒక్కో స్థలంలో నాలుగు ఇళ్ళు కట్టుకోవచ్చు, పెద్ద రవాణా స్టేషను దగ్గరైతే ఆరు. ఒక కుటుంబం కోసం ఆ నేలను అలా బిగించి ఉంచడం, అద్దెకు ఇల్లు దొరక్క అల్లాడేవాళ్ళకు ఏమని చెప్పుకుంటాం?

గోదారి గట్టు:
అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఎవరూ అడగలేదు. సింహద్వారం ఏ దిక్కు?

వాన చినుకు:
గోదారి గట్టు గారూ, పడమర. అత్తగారికి ఇంకా చెప్పలేదు.

పసడీనా అత్తయ్య:
లెక్కల పంతులు గారికి మా ఊరి కథ రెండు ముక్కల్లో. ఈ శైలి ఇళ్ళకు కాలిఫోర్నియాలోని మా పసడీనా పెట్టింది పేరు. చార్లెస్ గ్రీన్, హెన్రీ గ్రీన్ అనే అన్నదమ్ములు 1908లో గాంబుల్ దంపతులకు ఒక ఇల్లు గీశారు. సబ్బుల కంపెనీ ప్రాక్టర్ అండ్ గాంబుల్‌లోని గాంబుల్ కుటుంబమే. బల్లలు, దీపాలు, తివాచీలు కూడా ఆ ఇంటికోసమే గీశారు. తరవాతి తరం దాన్ని అమ్ముదామనుకున్నప్పుడు, చూడవచ్చినవాళ్ళు లోపలి టేకుకూ దేవదారుకూ తెల్ల రంగు వేయిద్దామని అనుకోవడం చెవిన పడి అమ్మకం మానుకున్నారని ఇక్కడ చెప్పుకుంటారు. 1966లో నగరానికి ఇచ్చేశారు. ఇప్పుడు టిక్కెట్టు కొని లోపలికి వెళ్ళి చూడవచ్చు.

రెండో ఇంటికి అంత అదృష్టం పట్టలేదు. అదే అన్నదమ్ములు 1907లో గీసిన బ్లాకర్ ఇంటిని 1985లో కొన్నవాళ్ళు లోపలి దీపాలన్నీ, రంగుటద్దాలు కొన్ని ఊడదీసి పట్టుకుపోయారు. విడివిడిగా అమ్మితే ఇంటికన్నా వాటికే ధర ఎక్కువ పలికే రోజులవి. ఊరంతా గగ్గోలు. ఇలా అసలు వస్తువులు పీక్కుపోకుండా నగరం హడావుడిగా ఆర్డినెన్సు తెచ్చింది. తరవాత కొన్నవాళ్ళు 1990లలో ఆ దీపాలకు నకళ్ళు చేయించి ఇంటిని మళ్ళీ నిలబెట్టారు. అసలువి ఎక్కడెక్కడో మ్యూజియాల్లో, సేకర్తల ఇళ్ళలో ఉన్నాయి.

ఇవి కోటీశ్వరుల ఇళ్ళు కదా అంటారేమో. అదే ఊళ్ళో బంగళా హెవెన్ అని ఒక పేట ఉంది. గుమాస్తాలు, చిన్న వ్యాపారులు కట్టుకున్న చిన్న ఇళ్ళు, వందలకొద్దీ. ఒక్కో ఇంటినీ విడిగా చూస్తే గొప్పేమీ లేదు. వరండాలు, చెట్లు, చూర్లు వరసగా అలాగే మిగలడమే దాని గొప్ప. 1989లో పసడీనా తన మొదటి లాండ్‌మార్క్ పేటగా, అంటే చారిత్రక గుర్తింపు ఇచ్చి కాపాడే పేటగా, దాన్నే ఎంచుకుంది. వేలకొద్దీ ఉన్నాయని ఒక్కొక్కటీ పడగొడుతూ పోతే, వంద మిగిలాక లెక్క మొదలుపెట్టాలి పంతులుగారూ!

రికార్డుల పురుగు:
వాన చినుకు గారూ, కౌంటీ రికార్డులోని ఆ 1909ని నమ్మకండి. పన్నుల శాఖ అంకెలు చాలా ఇళ్ళకు అంచనా మాత్రమే. నిజం తేల్చాలంటే ఇలా వెళ్ళండి.

1930ల చివర ప్రభుత్వ ఉపాధి పథకం కింద సియాటెల్ ఉన్న కింగ్ కౌంటీలోని ప్రతి కట్టడాన్నీ ఫోటో తీసి, కార్డు రాశారు. అవి రాష్ట్ర పురాలేఖశాల వారి బెల్‌వ్యూ శాఖలో ఉన్నాయి. స్థలం పార్సిల్ నంబరు చెప్పి, కొద్దిగా రుసుము కడితే మీ ఇంటి ఫోటో పంపుతారు. నా దృష్టిలో ఈ నగరంలో పాత ఇల్లు కొన్నవాళ్ళు మొదట చేయవలసిన ఖర్చు అదే, కొత్త సోఫా కాదు. తరవాత మురుగు గొట్టపు కార్డు. నవ్వకండి, ఇంటి మురుగు గొట్టాన్ని వీధి గొట్టానికి ఎప్పుడు కలిపారో అందులో ఉంటుంది. ఇల్లు కట్టిన ఏడాదికి అది మంచి ఆధారం. నగర నిర్మాణ శాఖలో పాత పర్మిట్లు ఫిల్ముల మీద ఉంటాయి. ఎవరు ఉండేవారో, ఏ పని చేసేవారో తెలియాలంటే నగర గ్రంథాలయం పెద్ద శాఖలో పోక్ డైరెక్టరీలు అనే పాత చిరునామా పుస్తకాలు తిరగేయండి, 1910 జనాభా లెక్కలతో సరిచూడండి.

వాన చినుకు:
ధన్యవాదాలు. ఆన్‌లైన్‌లోనే మురుగు కార్డు దొరికింది, 1910 వేసవి తేదీ ఉంది. పురాలేఖశాల వారు ఫోటో కూడా పంపారు, ఇక్కడ జత చేశాను. ఒక తేడా కనబడింది. ఫోటోలో వరండా స్తంభాలు కింద లావుగా, పైకి సన్నగా ఉన్నాయి, దిమ్మెలకు చెక్క షింగిల్స్ (పెంకుల్లా పరిచే పలచని చెక్కముక్కలు). ఇప్పుడున్నవి సన్నటి ఇనుప కడ్డీలు. పై అంతస్తు కిటికీలు అప్పుడూ ఇప్పుడూ ఒకటే.

పాతకొయ్య:
అద్భుతం! ఈ ఒక్క ఫోటోతో సగం పని అయిపోయింది. స్తంభాలు పోయినా నష్టం తీర్చరానిది కాదు. ఫోటోను బట్టి కొలతలు తీసి అదే ఆకారంలో కట్టించవచ్చు. ఊహించి కట్టడం వేరు, ఆధారంతో తిరిగి కట్టడం వేరు. 1977లో కేంద్ర అంతర్గత వ్యవహారాల శాఖ మొదట ప్రకటించిన పునరుద్ధరణ ప్రమాణాలు కూడా అదే చెబుతాయి: బాగుచేయగలిగినదాన్ని మార్చవద్దు, పోయినదాన్ని ఆధారం ఉంటేనే తిరిగి చేయండి.

కిటికీల గురించి గట్టిగా చెబుతాను. ఆ చట్రాలు బహుశా వందల ఏళ్ళు పెరిగిన డగ్లస్ ఫర్ చెట్టువి. ఏటి గీతలు దగ్గర దగ్గరగా ఉంటాయి, చీవ సాంద్రంగా ఉంటుంది. అలాంటి కలప ఇప్పుడు కొనాలన్నా మామూలు అడితిలో దొరకదు. రెక్క బిగుసుకుపోతే బాగుచేయవచ్చు, అద్దం పగిలితే మార్చవచ్చు, లోపల వేలాడే ఇనుప బరువుకు కట్టిన తాడు తెగితే కొత్త తాడు వేయవచ్చు. వినైల్ కిటికీ సీలు పోయి రెండు అద్దాల మధ్య ఆవిరి పట్టిందంటే చేసేదేమీ లేదు, మొత్తం మార్చుకోవడమే. చలి సంగతా? ముందు అటక మీద ఇన్సులేషన్ వేయించండి, గాలి దూరే సందులు మూయించండి, కిటికీలకు బయట అదనపు అద్దపు చట్రాలు పెట్టించండి. చాలామటుకు తీరిపోతుంది.

అయితే పాతదంతా పవిత్రం కాదు. గోడల్లో పింగాణీ బుడిపెల మీద నడిచే పాత తీగలు ఇంకా పనిచేస్తున్నాయేమో చూపించండి. వాటికి ఎర్తింగు ఉండదు, బీమా కంపెనీలు ముఖం చిట్లిస్తాయి. అవి మార్చవలసిందే. 1978కి ముందు ఇంట్లో రంగులో సీసం ఉంటుందని అనుకునే పనిచేయాలి. పిల్లలున్న ఇంట్లో పొడిగా రుద్దించకండి. అన్నిటికన్నా ముందు పునాది. ఇంటి చెక్క చట్రాన్ని కాంక్రీటుకు బోల్టులతో బిగించారా? 2001 ఫిబ్రవరి 28న వచ్చిన 6.8 తీవ్రత భూకంపంలో ఈ నగరంలో పొగగొట్టాలు ఎన్నో కూలాయి. ఎవరికీ కనబడని ఈ బోల్టులే మీ అలమరను కాపాడేది.

లెక్కల పంతులు:
సరే, కిటికీల విషయంలో మీరే నెగ్గారనుకుందాం. కానీ పక్కింటి పెద్దావిడ మాట అసలు ప్రమాదం. సియాటెల్‌లో 1973 నుంచి లాండ్‌మార్కుల చట్టం ఉంది. కట్టడానికి 25 ఏళ్ళు దాటితే చాలు, ఎవరైనా దాన్ని ప్రతిపాదించవచ్చు. యజమానే కానక్కరలేదు! ఆ ముద్ర పడ్డాక బయట ఏమి మార్చాలన్నా బోర్డు ఆమోదపత్రం తెచ్చుకోవాలి. వాన చినుకు గారూ, ఆవిడకు పండగకు మిఠాయి పంపండి.

పాతకొయ్య:
పంతులుగారు చట్టం సరిగానే చెప్పారు, భయం మాత్రం ఎక్కువ చేశారు. ఆరు ప్రమాణాలున్నాయి, ఒక్కటైనా నెగ్గాలి: చారిత్రక సంఘటన, ముఖ్యమైన వ్యక్తి, నగర సాంస్కృతిక ఆర్థిక జీవితం, శైలి లేదా నిర్మాణ పద్ధతి, పేరున్న రూపకర్త, పేటకు గుర్తుగా నిలిచే స్థానం. దానికి తోడు తన ప్రాముఖ్యం చూపగలిగేంతగా ఇల్లు మిగిలి ఉండాలి. వరండా స్తంభాలు పోయిన, రూపకర్త ఎవరో తెలియని మామూలు ఇల్లు ఆ గీత దాటడం కష్టం. ఎల్స్‌వర్త్ స్టోరీ లాంటి వాస్తుశిల్పి పేరు పర్మిట్‌లో బయటపడితే వేరే సంగతి.

చారిత్రక స్థలాల జాతీయ రిజిస్టరు ఇంకొకటి. పక్కనే రవెన్నా, కౌవెన్ పార్కు ఉత్తరపు వీధులు 2018లో అందులోకి ఎక్కాయి. దానివల్ల సొంత డబ్బుతో సొంత ఇల్లు మార్చుకునేవారికి అడ్డేమీ రాదు. కేంద్రం ఇచ్చే 20 శాతం పన్ను రాయితీ కూడా అద్దె, వ్యాపార కట్టడాలకే కానీ మనం కాపురముండే ఇంటికి రాదు. నగర లాండ్‌మార్క్ ముద్రకు మాత్రం ఒక లాభం ఉంది. 24 నెలల్లోపు, నేలను వదిలి కట్టడం మదింపు విలువలో కనీసం 25 శాతం పునరుద్ధరణకు ఖర్చు పెడితే, ఆ ఖర్చును పదేళ్ళపాటు ఆస్తి పన్ను లెక్కలోంచి తీసేస్తారు. పునాది, తీగలు, పైకప్పు అన్నీ కలిస్తే ఆ 25 శాతం ఎక్కడో ఉండదు.

రికార్డుల పురుగు:
మాట అంతా కొయ్య మీదే నడుస్తోంది కాబట్టి ఇంకోవైపు నుంచి వస్తాను. ఆ కొయ్యను కోసింది ఎవరు?

పత్రికలు చేతిపని అన్నాయి కానీ, ఈ ఇళ్ళ కలప ఆవిరి రంపపు మిల్లుల్లో పుట్టింది. 1907లో సియాటెల్‌లో కలిసిన బాలార్డ్ దేవదారు షింగిల్స్‌కు పెట్టింది పేరు. అదే ఏడాది సెప్టెంబరు 4న ఇక్కడికి ఉత్తరాన బెల్లింగ్‌హామ్‌లో వందల మంది తెల్లవాళ్ళ గుంపు కలప మిల్లుల్లో పనిచేసే భారతీయుల మీద పడి కొట్టి, సామాన్లు వీధిలో పారేసి, ఊరు విడిచిపోయేలా చేసింది. వాళ్ళలో ఎక్కువమంది పంజాబు నుంచి వచ్చిన సిక్కులు. ఆ తరవాత 1921లో వాషింగ్టన్ రాష్ట్రం విదేశీయుల భూమి చట్టం తెచ్చింది. పౌరసత్వం కోరే అర్హత లేనివారు నేల కొనడానికి లేదు. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులకు ఆ అర్హతే లేదని అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. 1946లో కానీ ఆ తలుపు తెరుచుకోలేదు. ఆ భూమి చట్టాన్ని ఓటర్లు 1966లో రద్దు చేశారు.

అంటే వాన చినుకు గారి భోజనాల గదిలో ఆ అలమర అమర్చిన తరం బతికి ఉండగా, మనలాంటివాళ్ళు ఆ ఇంటిని కొనగలిగేవాళ్ళు కాదు. కొన్ని పేటల్లో దస్తావేజుల్లోనే జాతి షరతులు రాసి ఉండేవి. వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వారు వాటిని జాబితా చేశారు, మీ స్థలం ఉందేమో చూసుకోండి. వారసత్వ విలువ రాసేటప్పుడు వాసాల కొసల గురించి పది పేరాలు రాసి దీన్ని వదిలేస్తే, అది సగం చరిత్రే.

లెక్కల పంతులు:
మీరు చెప్పినది నా వాదానికే బలం. ఈ పేటలు అప్పుడు జాతి పేరుతో మూసుకున్నాయి, ఇప్పుడు అందం పేరుతో మూసుకుంటున్నాయి.

రికార్డుల పురుగు:
కొంతవరకు ఒప్పుకుంటాను. కానీ ఇల్లు పడగొడితే ఆ కథకు సాక్ష్యం కూడా పోతుంది. పైగా 2019 నుంచి ఇక్కడ ఒక స్థలంలో రెండు అదనపు నివాసాలు కట్టుకోవచ్చు. పెరట్లో ఒక చిన్న ఇల్లు, బేస్‌మెంటులో ఒక వాటా. మూడు కాపురాలు, పాత ఇల్లు అలాగే. కొత్త చట్టం నాలుగు కట్టమని బలవంతం చేయడం లేదు కదా.

లెక్కల పంతులు:
ఆ లెక్క కుదిరితే నాకు పేచీ లేదు. కుదరకపోతే కట్టకుండా వదిలేయడానికి దాన్ని సాకు చేయకూడదు, అంతే.

గోదారి గట్టు:
నాది చిన్న మాట. అందరూ మధ్య గోడలు తీసేసి ఒకటే హాలు చేస్తున్నారు. తీరా ఇంగువ పోపు వేసిన రోజున పై అంతస్తులో దుప్పట్లు కూడా వాసనే! ఆ కాలపు నక్షలో వంటగది వెనక, విడిగా, తలుపుతో ఉంటుంది. మన వంటకు అంతకన్నా ఏమి కావాలి? మా పెదనాన్నగారి మండువా లోగిలి పడగొట్టి అపార్టుమెంటు కట్టినప్పుడు మాకు మొదట తెలిసి వచ్చిన సుఖలోపం వంటిల్లే.

వాన చినుకు:
గోదారి గట్టు గారి మాట విన్నాక అత్తగారి ఓటు కూడా గోడలకే పడింది. పడమర సింహద్వారం గురించి ఇంకా చర్చలు సాగుతున్నాయి.

ఇప్పటికి ఇలా అనుకున్నాం. భోజనాల గది, హాలు ముట్టుకోము. వంటగదిలో 1970ల సరుకంతా తీసేస్తాం, అందులో కాపాడవలసింది ఏమీ లేదు. పునాది బోల్టులు, తీగలు ఈ ఏడాది, వరండా స్తంభాలు ఫోటో ప్రకారం వచ్చే ఏడాది. బేస్‌మెంటు వాటాకు పర్మిట్ అడుగుతాం. లాండ్‌మార్క్ మాట పాత పర్మిట్ చూశాకే. ఒక అనుమానం. వంటగదికి బలమైన ఎగ్జాస్ట్ కావాలి. దాని గొట్టం బయటికి ఎక్కడినుంచి తీయాలి? ఇంకొకటి, కిటికీ తాళ్ళు మేమే మార్చుకోగలమా?

పాతకొయ్య:
గొట్టం వెనక గోడలోంచి తీయండి, వీధివైపు వద్దు, చూరు కిందికి అసలే వద్దు. జిడ్డు ఆవిరి వాసాలకు పట్టుకుంటే మళ్ళీ వదలదు. గోడకు రంధ్రం పెట్టేటప్పుడు లోపలి స్తంభాల మధ్య ఖాళీ కింది నుంచి అటక దాకా తెరిచి ఉందేమో చూడండి. ఆ కాలపు ఇళ్ళలో చాలావాటిలో అలాగే ఉంటుంది, నిప్పంటుకుంటే క్షణాల్లో పైకి పాకుతుంది. గోడ తెరిచినచోటల్లా అడ్డచెక్క బిగించమనండి.

తాళ్ళు మీరే మార్చుకోవచ్చు. చట్రం పక్కన బరువు ఉండే గూటికి చిన్న చెక్క మూత ఉంటుంది, రంగు పొరల కింద దాక్కుంటుంది, వెతకండి. అల్లిన పత్తి తాడు కొనండి, నైలాన్ సాగిపోతుంది. మొదటి కిటికీకి ఒక పూట పడుతుంది. పాత ఇనుప బరువులు పారేయవద్దు, అవి ఆ రెక్క తూకానికి సరిపోయేలా వేసినవి.

లెక్కల పంతులు:
బేస్‌మెంటు వాటాకు అద్దె ఎంత అనుకుంటున్నారు? మా ఆఫీసులో ఒకరు వెతుకుతున్నారు.